ట్రక్కుల్లో ఆటోమేటిక్ బ్రేక్ హోల్డ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ట్రక్కుల డాష్‌బోర్డు మీద ఇప్పుడు ఈ బటన్ మామూలైపోయింది. కొందరు డ్రైవర్లు మొదటి రోజే దాన్ని ఆపేసి మళ్లీ ముట్టుకోరు. ఇంకొందరు దాన్నే హ్యాండ్ బ్రేకు అనుకుని బండి దిగిపోతారు. మొదటివాళ్లు మంచి సాయాన్ని వదులుకుంటున్నారు, రెండోవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

బ్రేక్ హోల్డ్ సరిగ్గా ఏం చేస్తుంది?

మీరు బ్రేకు తొక్కి బండిని పూర్తిగా ఆపాక, పెడల్ మీంచి కాలు తీసేసినా బ్రేకు పట్టు అలాగే ఉంటుంది. మళ్లీ గేరులో యాక్సిలరేటర్ తొక్కితే పట్టు దానంతటదే వదులుతుంది. కొన్ని బండ్లలో బటన్ ఒకసారి నొక్కి పెడితే ఆగిన ప్రతిసారీ పనిచేస్తుంది. కొన్నింటిలో బండి ఆగాక పెడల్‌ని ఇంకాస్త గట్టిగా లోపలికి తొక్కితేనే హోల్డ్ పడుతుంది. ఏ బండిలోనైనా హోల్డ్ పడిందని చెప్పే గుర్తు డాష్‌బోర్డు మీద వెలుగుతుంది.

బటన్ మీద వెలిగే లైటు వేరు, ఈ గుర్తు వేరు. బటన్ లైటు 'సదుపాయం సిద్ధంగా ఉంది' అంటుంది, అంతవరకే. హోల్డ్ గుర్తు 'బ్రేకు ఇప్పుడు పట్టుకుని ఉంది' అంటుంది. కాలు తీయాల్సింది రెండోది చూశాకే. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే కొత్తలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

హిల్ స్టార్ట్ అసిస్ట్ అన్నా ఇదే కదా?

కాదు. హిల్ స్టార్ట్ అసిస్ట్ ఎత్తు మీద మాత్రమే, అదీ రెండు మూడు సెకన్లు మాత్రమే పట్టుకుంటుంది. బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదికి కాలు మార్చుకునేంత వ్యవధి ఇచ్చి వదిలేస్తుంది. మీరు కదిలినా కదలకపోయినా వదిలేస్తుంది. బ్రేక్ హోల్డ్ చదును మీదా పనిచేస్తుంది, మీరు కదిలేదాకా ఆగుతుంది. మీ బండిలో ఏది ఉందో తెలియకుండా 'ఎలాగూ పట్టుకుంటుందిలే' అని కాలు తీసి తీరిగ్గా కూర్చుంటే, మూడో సెకనులో బండి వెనక్కి బయల్దేరుతుంది.

సీటు బెల్టు తీస్తే హోల్డ్ పడటం లేదు. పాడైందా?

లేదు, అలా ఉండాలనే చేశారు. చాలా బండ్లలో తలుపు మూసి ఉండాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి, బెల్టు పెట్టుకుని ఉండాలి. డ్రైవరు సీట్లోనే ఉన్నాడని బండి తెలుసుకునేది ఈ గుర్తులతోనే. బెల్టు బకిల్‌ని వెనకనుంచి గుచ్చి దాన్ని మోసం చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు దిగిపోయినా సీట్లోనే ఉన్నారని బండి అనుకుంటుంది, పార్కింగ్ బ్రేకు, అంటే హ్యాండ్ బ్రేకు, వేయాల్సిన చోట వేయదు.

హ్యాండ్ బ్రేకుకీ దీనికీ తేడా ఏమిటి? రెండూ బండిని ఆపి ఉంచేవే కదా?

బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం ఒకదానికొకటి తలకిందులు.

ఎయిర్ బ్రేకులున్న పెద్ద లారీలో ఫుట్ బ్రేకు పనిచేయాలంటే గాలి ఉండాలి. ట్యాంకులోని గాలి బ్రేక్ ఛాంబర్‌లోకి వెళ్లి డయాఫ్రమ్ అనే రబ్బరు పొరను నెడుతుంది, దాంతో పుష్‌రాడ్ అనే కడ్డీ కదులుతుంది, లైనింగులు డ్రమ్ముకో ప్యాడ్లు డిస్కుకో అతుక్కుంటాయి. పార్కింగ్ బ్రేకు పనిచేయాలంటే గాలి పోవాలి. వెనక చక్రాల ఛాంబర్లలో బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ గాలే దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. హ్యాండ్ బ్రేకు వేసినప్పుడు 'బుస్'మని వినిపించేది ఆ గాలి బయటికి పోతున్న చప్పుడే. గాలి పోగానే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు పట్టేస్తుంది. ఇక దానికి కరెంటు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. రాత్రి ట్యాంకులన్నీ ఖాళీ అయిపోయినా తెల్లారేసరికి బండి అక్కడే ఉంటుంది.

గాలి పోతే బ్రేకు పడాలన్న ఆలోచన రైళ్ల నుంచి వచ్చింది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తయారుచేసిన మొదటి ఎయిర్ బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు ఉండేదే కాదు. కొన్నేళ్లకే ఆయన దాన్ని తిరగేసి, గొట్టంలో ఒత్తిడి పడిపోతే బ్రేకులు వాటంతటవే పడేలా మార్చాడు. లారీ హ్యాండ్ బ్రేకు మీద మనం పెట్టుకునే నమ్మకమంతా ఆ తిరగేయడంలోనే ఉంది.

బ్రేక్ హోల్డ్ చాలా ట్రక్కుల్లో ఫుట్ బ్రేకునే వాడుతుంది. అంటే ట్యాంకులో గాలి ఉన్నంతవరకు, కంప్యూటర్ మెలకువగా ఉన్నంతవరకు నిలిచే పట్టు అది. మీ కాలికి బదులు మరో కాలు పెడల్ మీద ఉందనుకోండి, హోల్డ్ అంటే అదే. పార్కింగ్ బ్రేకుకైతే లెక్క వేరు. ఐక్యరాజ్యసమితి 13వ నంబరు బ్రేకుల నిబంధన ప్రకారం, అది నిండు లోడుతో ఉన్న బండిని 18 శాతం వాలు మీద, అంటే 100 మీటర్లకి 18 మీటర్లు లేచే వాలు మీద, పైకి తిరిగి ఉన్నా కిందికి తిరిగి ఉన్నా కదలకుండా నిలపాలి. ట్రైలర్‌ని కలిపితే, ట్రైలర్ బ్రేకుల సాయం లేకుండా లాగే బండి ఒక్కటే మొత్తాన్ని 12 శాతం వాలు మీద ఆపాలి. ఈ పరీక్ష పార్కింగ్ బ్రేకుకి.

ఎత్తు మీద నిజంగా అంత ఉపయోగమా, లేక అనుభవం లేనివాళ్లకేనా?

అనుభవం ఉన్నవాళ్లకే దీని విలువ బాగా తెలుస్తుంది.

లెక్క చూడండి. 40 టన్నుల బండి 6 శాతం ఎత్తు మీద ఆగింది. దాన్ని వెనక్కి లాగుతున్న బలం దాదాపు 2.4 టన్నుల బరువుకి సమానం. బ్రేకు వదిలాక ఇంజిన్ పట్టు ఇంకా చక్రాలకి అందకపోతే, మొదటి సెకనులో బండి జానెడు పైచిలుకు జారుతుంది. ఇదేమంత కాదనిపిస్తుంది. రెండో సెకను చివరికి మీటరు దాటుతుంది. మూడో సెకను చివరికి రెండున్నర మీటర్ల దగ్గరికి వస్తుంది. వ్యవధి రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది కాబట్టి, భయం పుట్టేసరికే ఆలస్యమైపోతుంది. అప్పుడు కంగారుగా బ్రేకు తొక్కినా, గాలి గొట్టాల వెంట వెళ్లి ఛాంబర్లు నిండడానికి కొంత సమయం కావాలి. పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం, పెడల్ టక్కున తొక్కాక చివరి ఛాంబర్‌లో ఒత్తిడి పూర్తి స్థాయిలో 75 శాతానికి చేరడానికి 0.6 సెకను దాకా పట్టవచ్చు. కొత్త బండికి పెట్టిన గరిష్ఠ పరిమితి అది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. బరువైన బండి ఎక్కువ వేగంగా జారదు. అదే వాలు మీద వదిలేస్తే కారు కూడా దాదాపు అదే వేగంతో జారుతుంది. తేడా వెనకాల ఉన్నవాళ్లకి. కారు మెల్లగా తగిలితే బంపరు నొక్కుకుపోతుంది. 40 టన్నులు అదే మెల్లదనంతో తగిలినా ఆగవు, తగిలినదాన్ని నెట్టుకుంటూ పోతాయి.

ఇప్పుడు డ్రైవరు పని చూడండి. మాన్యువల్ బండిలో మూడు పెడల్స్, రెండు కాళ్లు. హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ సగం వదిలి, ఇంజిన్ గొంతు బరువెక్కేదాకా ఆగి, అప్పుడు హ్యాండ్ బ్రేకు తీయాలి. తొందరపడితే బండి జారుతుంది. జంకితే క్లచ్ ప్లేటు మాడుతుంది. లోడు బండి ఘాట్ రోడ్డులో నాలుగుసార్లు ఆగి కదిలితే క్యాబిన్‌లోకి వచ్చే ఆ కమురు వాసన డ్రైవర్లందరికీ తెలిసిందే. హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ల దగ్గర క్లచ్ ప్లేట్లు నిలవవు.

హోల్డ్ ఉన్న బండిలో ఇది ఎలా జరుగుతుందో దగ్గరగా చెబుతాను. బండి ఆగింది, గుర్తు వెలిగింది, కాలు తీశారు. దారి తెరుచుకుంది. గేరు వేసి యాక్సిలరేటర్ నిదానంగా తొక్కుతారు. ఇంజిన్ చప్పుడు లోతుగా మారుతుంది. క్యాబిన్ ముందు భాగం కొద్దిగా పైకి లేస్తుంది, బండి ఒళ్లు విరుచుకున్నట్టు ఉంటుంది. అంటే ఇంజిన్ లాగుతోంది, బ్రేకు ఇంకా పట్టుకునే ఉంది. ఆ లాగుడు చాలునని కంప్యూటర్ తేల్చుకున్నాక వెనకనుంచి 'స్స్'మని గాలి వదిలిన చప్పుడు వినిపిస్తుంది, బండి ముందుకే కదులుతుంది. వెనక్కి ఒక్క అంగుళం కూడా పోదు. ఆ అర సెకను మీ చేతులు స్టీరింగ్ మీద, మీ కళ్లు అద్దాల మీద ఉంటాయి. నా దృష్టిలో ఈ సదుపాయంలోని అసలు లాభం ఇదే: పెడల్స్ మధ్య నలిగిపోయే మీ ధ్యాస రోడ్డు మీదికి వస్తుంది. లారీ ముందు కింది భాగం డ్రైవరుకి నేరుగా కనిపించదు. కదలబోయే ముందు అక్కడ మనిషి గానీ సైకిలు గానీ ఉందా అని అద్దాల్లో చూసుకునే తీరిక దొరకడం చిన్న విషయం కాదు.

చదును రోడ్డు మీద ట్రాఫిక్‌లో పనికొస్తుందా?

పనికొస్తుంది, వేరే కారణానికి. గంటల తరబడి ఆగి కదిలే ట్రాఫిక్‌లో కుడికాలు పిక్క పీకేస్తుంది. అలసిన కాలు తెలియకుండానే పెడల్ మీద సడలుతుంది, బండి ముందున్న బండి మీదికి పాకుతుంది. హోల్డ్ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది, మోకాలు చాచుకోవచ్చు.

అడుగడుగునా పాకుతూ ముందుకి జరిగే ట్రాఫిక్ అయితే మాత్రం నేను ఆపేస్తాను. ప్రతి రెండు మీటర్లకీ హోల్డ్ పడటం, వదలడం, ఆ కుదుపు, వెనక లోడు ఊగడం ఎవరికీ సుఖం కాదు. ఎయిర్ బ్రేకుల్లో వదిలిన ప్రతిసారీ ఛాంబర్లలోని గాలి బయటికే పోతుంది కాబట్టి కంప్రెసర్‌కీ పని పెరుగుతుంది.

నాది ఆటోమేటిక్ గేర్ల ట్రక్కు. కారులాగా దానంతటదే పాకుతూ నిలబడదా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులోని ఆయిల్ ఎప్పుడూ కొంత నెడుతూనే ఉంటుంది కాబట్టి చిన్న ఎత్తు మీద కారు వెనక్కి పోదు. బరువు లారీల్లో ఎక్కువగా ఉండేది ఆటోమేటెడ్ మాన్యువల్. లోపల మామూలు క్లచ్చే ఉంటుంది, దాన్ని మీ కాలికి బదులు యంత్రం తొక్కుతుంది. ఆగినప్పుడు క్లచ్ పూర్తిగా విడిపోయి ఉంటుంది. బ్రేకు వదిలితే బండిని పట్టుకునేది ఏదీ లేదు. కాబట్టి ఈ తరహా బండ్లకే బ్రేక్ హోల్డ్ ఎక్కువ అవసరం. బండి బరువెంత, వాలు ఎంత అన్నది గేర్‌బాక్స్ కంప్యూటర్ ఎలాగూ లెక్కగడుతూనే ఉంటుంది. ఎంత లాగుడు వస్తే బ్రేకు వదలాలో తేల్చడానికి ఆ లెక్కే పనికొస్తుంది.

యాక్సిలరేటర్ మీద కాలు సున్నితంగా ఆనించి ఆ ఎత్తు మీద బండిని నిలబెట్టే అలవాటు ఉంటే మానుకోండి. మీకు కనిపించకపోయినా లోపల క్లచ్ అరుగుతూనే ఉంటుంది.

హైడ్రాలిక్ బ్రేకులున్న పికప్పుల్లో, చిన్న ట్రక్కుల్లో ఇది ఎలా పనిచేస్తుంది?

అక్కడ గాలి బదులు బ్రేక్ ఆయిల్. మీరు తొక్కినప్పుడు ఏర్పడిన ఒత్తిడిని, బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ యూనిట్‌లోని వాల్వులు మూసుకుని లోపలే బంధిస్తాయి. బండి కదులుతున్నట్టు చక్రాల సెన్సర్లు పసిగడితే పంపు ఒత్తిడి పెంచుతుంది. ఆ వాల్వులు కరెంటుతో మూసుకుని ఉంటాయి. ఎక్కువసేపు ఉంచితే వేడెక్కుతాయి, కరెంటు పోతే తెరుచుకుంటాయి. అందుకే కొన్ని నిమిషాల తర్వాత ఆ బాధ్యతను ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకుకి అప్పజెబుతాయి. వెనక చక్రాల దగ్గర చిన్న మోటార్లు గుర్రుమని తిరిగిన చప్పుడు మీరు వినే ఉంటారు.

పెద్ద లారీల్లో ఈ పనిని ఎలక్ట్రానిక్ బ్రేకింగ్ సిస్టమ్ చేస్తుంది. పెడల్ నుంచి కరెంటు సంకేతం వెళ్తుంది, ఇరుసుల దగ్గరున్న మాడ్యులేటర్లు గాలి ఎంత పంపాలో చూసుకుంటాయి. 1996లో వచ్చిన మెర్సిడెస్ ఆక్ట్రోస్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన తొలి బండ్లలో ఒకటి. బ్రేకు కంప్యూటర్ చేతికి వచ్చాక, కాలు తీసినా పట్టుకుని ఉండమని దానికి చెప్పడం పెద్ద కష్టం కాలేదు.

ఎంతసేపు పట్టుకుంటుంది?

బండిని బట్టి ఉంటుంది, మీ బండి పుస్తకంలో చూసుకోవాల్సిందే. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నవి కొన్ని నిమిషాల తర్వాత దానికి మారతాయి. తలుపు తీసినా, బెల్టు విప్పినా, ఇంజిన్ ఆపినా వెంటనే మారేవి ఉన్నాయి. లివరుతో నడిచే పాత తరహా పార్కింగ్ బ్రేకు ఉన్నవాటిలో అలా మారే దారి లేదు కాబట్టి బజరు మోగి హెచ్చరించడంతో సరి. ఆ బజరుని లెక్కచేయకుండా దిగిపోతే బండి మీ వెనకే వస్తుంది. రెండు నిమిషాలకి మించి ఆగేలా కనిపిస్తే నేనైతే పార్కింగ్ బ్రేకు వేసేస్తాను.

మధ్యలో కరెంటు పోతే? గాలి కారిపోతే?

ఎయిర్ బ్రేకు బండిలో సన్నగా గాలి కారుతుంటే సిస్టమ్ ట్యాంకులోంచి మళ్లీ నింపుతుంది. ట్యాంకే ఖాళీ అవుతూ పోతే ముందు హెచ్చరిక లైటు, బజరు వస్తాయి. ఇంకా తగ్గితే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పడతాయి. అమెరికా తరహా బండ్లలో హెచ్చరిక 60 పీఎస్ఐ దగ్గర, స్ప్రింగులు పడటం 20 నుంచి 45 పీఎస్ఐ మధ్య, అంటే సుమారు 1.4 నుంచి 3.1 బార్ మధ్య జరుగుతుంది. ఆ మధ్యలో ఫుట్ బ్రేకు బలహీనపడుతూ ఉంటుంది, స్ప్రింగు ఇంకా పూర్తిగా అందుకోదు. వాలు మీద ఆ సందులో చిక్కుకోకూడదు. హెచ్చరిక వచ్చిన క్షణమే పార్కింగ్ బ్రేకు వేయండి.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకుకి కరెంటు పోతే ఏమవుతుందని కూడా అడుగుతుంటారు. పెద్ద లారీల్లో దాని వాల్వు కరెంటు పోయినా ఉన్న స్థితిలోనే ఉండిపోయే రకం. నడుస్తున్న బండికి ఉన్నట్టుండి బ్రేకు పడదు, నిలిపిన బండికి ఊడదు.

ట్రైలర్ తగిలించినప్పుడు కూడా పనిచేస్తుందా?

చేస్తుంది. ఫుట్ బ్రేకు తొక్కినప్పుడు ట్రైలర్‌కి వెళ్లే గాలే హోల్డ్‌లోనూ వెళ్తుంది కాబట్టి ట్రైలర్ చక్రాలు కూడా పట్టుకుంటాయి. కదిలేటప్పుడు ట్రైలర్ బ్రేకు వదలడం ఒక్క క్షణం వెనకబడవచ్చు. యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా తొక్కకుండా నిదానంగా ఇవ్వండి, ట్రైలర్‌ని బండికి కలిపే కింగ్‌పిన్ దగ్గర దెబ్బ తగలదు.

ట్రైలర్‌ని తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు మాత్రం హోల్డ్‌తో పని లేదు. పార్కింగ్ బ్రేకు వేసి, బుస్ చప్పుడు విని, అప్పుడు దిగండి. రెండు బండ్ల మధ్య నిలబడి గొట్టాలు పెట్టేవాడి ఒంటికీ ఇనుముకీ మధ్య ఆ బ్రేకు తప్ప ఇంకేమీ లేదు.

ఎప్పుడు ఆపేయాలి?

సరుకు దించే వేదికకి బండిని వెనక్కి ఆనించేటప్పుడు ఆపేయండి. అక్కడ అంగుళాల లెక్కన జరపాలి. హోల్డ్ పడి, యాక్సిలరేటర్‌తో విడిపించబోతే బండి ఉదుటున వెనక్కి తగులుతుంది. బండ్లు కడిగే యంత్రం చక్రాలను తిప్పాల్సి వచ్చినప్పుడు, పాడైన బండిని లాక్కెళ్లేటప్పుడు కూడా ఆపాలి.

సరుకు ఎక్కించే చోట గురించి ఇంకొంచెం చెప్పాలి. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వచ్చిన ప్రతిసారీ ట్రైలర్ కుంగి లేస్తుంది, బ్రేకు వేసినప్పుడల్లా ట్రైలర్‌ని కొద్దిగా ముందుకి తోస్తుంది. అలా రోజంతా తోస్తే వేదికకీ బండికీ మధ్య సందు పెరుగుతుంది, ఒకసారి ఫోర్క్‌లిఫ్ట్ ముందు చక్రం ఆ సందులో పడుతుంది. ఇక్కడ కావాల్సినవి పార్కింగ్ బ్రేకు, చక్రాలకి అడ్డు మొద్దులు, ఇంజిన్ తాళం చేతులో ఉండటం. హోల్డ్‌ని ఈ జాబితాలోకి అసలు రానివ్వకండి.

ఇలా పట్టుకుని ఉంచితే లైనింగులు త్వరగా అరగవా?

అరగవు. రాపిడి ఉంటేనే అరుగుదల. ఆగిన చక్రం మీద లైనింగు ఊరికే అదుముకుని ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది వేడితో. పొడవైన దిగుడు దిగి, బ్రేకులు సెగలు కక్కుతుండగా ఆగితే, డిస్కు మీద ప్యాడ్ అదిమి ఉన్న చోటు ఒకలా, మిగతా భాగం ఒకలా చల్లారతాయి. ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుని తర్వాత బ్రేకు అదరడం మొదలవుతుంది. డ్రమ్ములైతే వేడికి వ్యాకోచించి ఉంటాయి, చల్లారుతూ ముడుచుకుని లైనింగులను బిగించేస్తాయి. డిస్కులు దీనికి వ్యతిరేకం: చల్లారితే సన్నబడి పట్టు సడలుతుంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకున్న పికప్పులు ఆపిన కాసేపటికి వాటంతటవే మరోసారి బిగించుకోవడం అందుకే. బ్రేకులు బాగా కాలిపోయి ఉంటే చదును చోటు చూసుకుని, చక్రాలకి అడ్డు పెట్టి, వేడి తగ్గాక పార్కింగ్ బ్రేకు వేయడం మేలు. అసలు దిగుడులో చక్రాల బ్రేకులతో పని లేకుండా వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు, రిటార్డర్, చిన్న గేరు వాడితే ఈ పరిస్థితే రాదు.

హోల్డ్‌లో ఉన్నప్పుడు వెనక బ్రేకు లైట్లు వెలుగుతాయా?

చాలా బండ్లలో వెలుగుతాయి. వేగంగా వచ్చేవాడికి ముందున్న లారీ ఆగి ఉందని దూరం నుంచే తెలుస్తుంది. పార్కింగ్ బ్రేకుకి మారితే ఆ లైట్లు ఆరిపోతాయి. చీకట్లో, రోడ్డు మీదే ఎక్కువసేపు ఆగాల్సి వస్తే నాలుగు ఇండికేటర్లూ వేయండి.

జారుడు రోడ్డు మీద నమ్మొచ్చా?

బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. రోడ్డుని పట్టుకోవాల్సింది టైరు. మంచు, బురద, ఆయిల్ పడ్డ వాలు మీద నాలుగు చక్రాలూ బిగిసిపోయి ఉండగానే బండి మొత్తం జారిపోవచ్చు. దీనికి హోల్డే కాదు, హ్యాండ్ బ్రేకు కూడా ఏమీ చేయలేదు. అలాంటి చోట ఆగకుండా సాగిపోయేలా ముందున్న బండికి దూరం ఎక్కువ ఉంచుకోవాలి.

ఎలక్ట్రిక్ ట్రక్కుల్లో మోటారే బండిని పట్టుకోగలదు కదా, దీంతో పనేంటి?

కాసేపు పట్టుకోగలదు. తిరగకుండా బలం మాత్రం ఇస్తున్న మోటారులో కరెంటంతా ఒకే చుట్టల గుండా పోతుంది, అవి వేడెక్కిపోతాయి. అందుకే మోటారు బండిని ఆపాక బ్రేకుకి అప్పజెప్పడమే సరైన పద్ధతి. ఒక్క పెడల్‌తో నడిపే బండ్లలో ఈ మార్పు మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

పాత ట్రక్కుకి విడిగా బిగించుకోవచ్చా?

వద్దు. ఇది బ్రేకు కంప్యూటర్, గేర్‌బాక్స్, చక్రాల సెన్సర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే కుదిరే పని. బ్రేకు గొట్టాల మధ్య ఎవరో తెచ్చిన వాల్వు పెట్టించుకుంటే, అది వదలాల్సినప్పుడు వదలకపోయినా, వదలకూడనప్పుడు వదిలినా దిక్కు లేదు. నిజానికి కంప్యూటర్లు లేని రోజుల్లోనే ఈ కోరిక ఉంది. 1936లోనే స్టూడెబేకర్ కార్లలో 'హిల్ హోల్డర్' వచ్చింది, ఎత్తు మీద క్లచ్ తొక్కి ఉన్నంతసేపు బ్రేకు ఒత్తిడిని ఆపేది. అది కూడా బండి తయారీలో భాగంగా వచ్చిందే.

పాత బండికి సరిగ్గా పనిచేసే హ్యాండ్ బ్రేకు, సరిగ్గా సర్దిన క్లచ్, చేతికందేలా రెండు అడ్డు మొద్దులు చాలు.

వదిలేటప్పుడు కుదుపు వస్తోంది. ఏం చూడాలి?

ముందు మీ కాలినే చూడండి. యాక్సిలరేటర్ మరీ మెల్లగా ఇస్తే బ్రేకు ఆలస్యంగా వదులుతుంది, అప్పటికి ఇంజిన్ బిగుసుకుని ఉంటుంది. కాలు మార్చుకున్నా అలాగే ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. కొద్ది దూరం నడిపాక ఒక చక్రం మిగతావాటికన్నా ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పూర్తిగా వదలడం లేదు. కంప్రెసర్ మాటిమాటికీ అందుకుంటుంటే గాలి ఎక్కడో కారుతోంది. పసుపు హెచ్చరిక లైటు వెలిగితే హోల్డ్ లేనట్టే లెక్క వేసుకుని, బాగయ్యేదాకా కాలితోనే నడపండి.

దీనికి అలవాటుపడితే డ్రైవింగ్ మర్చిపోతామా?

చేతనైన పని మర్చిపోం. కానీ కాలు కొత్త అలవాటు నేర్చుకుంటుంది, అదే సమస్య. హోల్డ్ ఉన్న బండి కొన్ని నెలలు నడిపాక నేను ఒకసారి అది లేని బండి ఎక్కాల్సి వచ్చింది. చిన్న ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగి, ఏమీ ఆలోచించకుండా కాలు తీసేశాను. అద్దంలో వెనకున్న మోటార్‌సైకిల్ పెద్దదవుతున్నట్టు కనిపించింది. అది దగ్గరికి రావడం లేదు, నేనే దాని మీదికి పోతున్నానని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. బ్రేకు తొక్కాను, చేయెడు దూరంలో ఆగింది. ఆ అబ్బాయి ముఖం నాకింకా గుర్తుంది.

అప్పటినుంచి ఏ బండి ఎక్కినా, కదలకముందే ఆ బండిలో హోల్డ్ ఉందా, ఉంటే వేసి ఉందా అని చూస్తాను. ఆగిన ప్రతిసారీ గుర్తు చూసి, కాలిని ఒక్కసారిగా ఎత్తకుండా మెల్లగా సడలిస్తాను. బండి కదలబోతే కాలు ఇంకా పెడల్ మీదే ఉంటుంది. మీ దగ్గర రెండు రకాల బండ్లూ ఉండి డ్రైవర్లు మారుతుంటే, తాళం ఇచ్చేటప్పుడే 'దీనికి హోల్డ్ లేదు' అని నోటితో చెప్పండి.

మొదటిసారి వాడే ముందు ఎలా నేర్చుకోవాలి?

ఖాళీ ఆవరణ, ఖాళీ బండి, వెనకాల ఎవరూ లేని చోటు. ముందు చదును మీద పదిసార్లు ఆపి, గుర్తు వెలగడం, వదిలే చప్పుడు రావడం గమనించండి. తర్వాత సీట్లోంచి లేవకుండా, కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచి బెల్టు విప్పి చూడండి: మీ బండి పార్కింగ్ బ్రేకు వేసుకుంటుందా, బజరు మోగించి ఊరుకుంటుందా, ఏమీ చేయదా? ఈ ఒక్కటి మీ బండి గురించి ముందుగా తెలిసి ఉండాలి. ఆ తర్వాత చిన్న వాలు మీద, ముందుకీ వెనక్కీ రెండు వైపులా. చివర్లో లోడుతో. ఖాళీ బండి వదిలే తీరు వేరు, లోడు బండి వదిలే తీరు వేరు. రెండోది మీ కాలికి అలవాటయ్యాక ఘాట్ రోడ్డు ఎక్కండి.